కెనడా హనీమూన్: పన్నెండు రాత్రుల్లో ఎంత దేశం పడుతుంది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విజయవాడ. శ్రావణంలో నా పెళ్లి. సెప్టెంబరు మూడో వారంలో హనీమూన్‌కి కెనడా వెళ్దామనుకుంటున్నాం. శని, ఆదివారాలు కలుపుకొని 16 రోజుల సెలవు దొరికింది. మొదటి దసరా కాబట్టి పండక్కి ఇక్కడ ఉండి తీరాలి. ఆకాశంలో ఆకుపచ్చగా కదిలే వెలుగులు, అదే అరోరా, చూడాలని నాకు ఎప్పటినుంచో ఆశ. ఆయనకేమో నయాగరా. వాళ్లింటి హాల్లో నయాగరా బొమ్మ ఉన్న క్యాలెండరు ఏళ్ల తరబడి గోడకి ఉండేదట. ఎప్పటికైనా వెళ్లాలని వాళ్ల నాన్నగారు అనేవారట. వెళ్లకుండానే పోయారు. మేం అడిగిన ఏజెంటు టొరంటో, నయాగరా, మాంట్రియల్, క్యూబెక్, బాన్ఫ్, వాంకూవర్, ఎల్లోనైఫ్ అన్నీ 12 రాత్రుల్లో చూపిస్తానంటున్నాడు. కాబోయే అత్తగారు మాత్రం 'టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో పెదనాన్న ఉండగా హోటళ్లెందుకు, వారం రోజులు అక్కడే ఉండండి' అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం చదవగానే పెన్ను తీసుకుని ఆ ఏజెంటు ప్లాన్‌లో విమానాలు లెక్కపెట్టాను. కెనడా లోపలే తక్కువలో తక్కువ నాలుగు. మధ్యలో మారాల్సినవి వేరు. విమానం అంటే గాల్లో ఉండే గంటలు మాత్రమే కాదు కదా. పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చేయాలి, రెండు గంటల ముందు ఎయిర్‌పోర్టుకి చేరాలి, దిగాక మళ్లీ టాక్సీ, మళ్లీ కొత్త గది. ఒక్కోదానికి ఒక పగలు పోతుంది. అలా నాలుగు పగళ్లు తీసేసి మిగిలిన వాటిలో ఏడు ఊళ్లు కుక్కాడు. మన దేశానికి వచ్చిన ఒక జంట 'పన్నెండు రోజుల్లో లద్దాఖ్, జైసల్మేర్, కేరళ, కజిరంగా చూసేస్తాం' అంటే మనం నవ్వుతాం. కెనడా మన దేశానికి మూడు రెట్లు. దాదాపు 99.8 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆరు టైమ్ జోన్లు. హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటల ప్రయాణం. టొరంటో నుంచి వాంకూవర్‌కి ఐదు గంటలు, అదీ దేశం దాటకుండానే.

నేను ఇలా మాట్లాడటానికి ఒక కారణం ఉంది. మా పెళ్లి కూడా ఇలాంటి ప్లాన్‌తోనే మొదలైంది. జనవరిలో వచ్చాం. తొమ్మిది రోజులు, ఐదు ఊళ్లు. నయాగరా దగ్గర పడవ షికారుకి హైదరాబాద్‌లోనే డబ్బు కట్టించుకున్నాడు మా ఏజెంటు. తీరా వెళ్తే రేవులో పడవ లేదు, మనిషి లేడు. చలికాలంలో ఆ పడవలు నడవవని అక్కడి కాఫీ కొట్టు అమ్మాయి చెప్పింది. నాలుగో రోజు తెల్లవారుజామున నాలుగింటికి, ఎవరు అలారం పెట్టాలనే దాని మీద మా మొదటి పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ఆ రోజు చూసిన ఊరు మాత్రం గుర్తులేదు.

అందుకని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. కెనడాలో ముందు ఊరు కాదు, నెల చూడండి. ఏ నెలలో వస్తున్నారో తేలితే సగం ఊళ్లు వాటంతటవే పక్కకి పోతాయి. మీకు నెల ముందే కుదిరింది, అదీ మంచి నెల. సెప్టెంబరు మూడో వారం మీకు ఎంత అనుకూలమో ఆ ఏజెంటుకి తెలిసినట్టు లేదు, తెలిస్తే ముందు అదే చెప్పి ఉండేవాడు.

అరోరా సంగతి చూద్దాం. అరోరా అంటే మంచు, మైనస్ ముప్పై చలి అని చాలామంది అనుకుంటారు. వెలుగులకి చలితో పని లేదు. చీకటి కావాలి, మబ్బులేని ఆకాశం కావాలి. ఉత్తర కెనడాలోని ఎల్లోనైఫ్ ఊరు సరిగ్గా అరోరా ఎక్కువగా కనిపించే పట్టీ కింద ఉంది. అక్కడ జూన్, జులైలలో రాత్రి సరిగా చీకటి పడదు, అందుకే కనిపించదు. ఆగస్టు మధ్య నుంచి చీకటి తిరిగొస్తుంది. అప్పటినుంచి సెప్టెంబరు చివరిదాకా ఒక సీజను, మళ్లీ నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ మొదటిదాకా ఇంకో సీజను. మీరు వచ్చేసరికి చెరువులు గడ్డకట్టి ఉండవు. పైన కదిలే వెలుగు కింద నీళ్లలో కూడా కదులుతుంది. ఫిబ్రవరిలో వచ్చేవాళ్లకి ఈ రెండోది దక్కదు. వాళ్లకి దక్కేది మబ్బు తక్కువ ఉండే ఆకాశం. శరత్కాలంలో మబ్బులు కాస్త ఎక్కువ, అందుకే ఎల్లోనైఫ్‌లో మూడు రాత్రులు ఉండమంటాను. ఒక్క రాత్రి పెట్టుకుని వెళ్లి మబ్బు చూసి తిరిగొచ్చిన వాళ్లు నాకు తెలుసు.

ఇంకో మాట, ముందే చెప్పడం మంచిది. ఫోన్లలో చూసే ఆ గాఢమైన ఆకుపచ్చ, గులాబీ రంగులు కెమెరా పోగేసి చూపించేవి. కంటికి చాలాసార్లు అది పల్చటి పొగలా, లేత ఆకుపచ్చ తెరలా కనిపిస్తుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి జోరందుకుని ఆకాశమంతా పరుగెత్తుతుంది, అప్పుడు రంగులు కంటికే తెలుస్తాయి. మొదటి పది నిమిషాలు 'ఇంతేనా' అనిపిస్తే లోపలికి వెళ్లిపోకండి. ఎక్కువగా రాత్రి పది నుంచి రెండు మధ్యే సందడి. మర్నాడు పదింటిదాకా పడుకోవచ్చు. కొత్త దంపతుల్ని పొద్దున్నే తలుపు కొట్టి లేపేవాళ్లు ఆ ఊళ్లో లేరు. పగలు పాత ఊరి వైపు నడిచి, గ్రేట్ స్లేవ్ సరస్సు మీద రంగురంగుల పడవ ఇళ్లు చూసి రావడమే పని. 614 మీటర్ల లోతుతో ఉత్తర అమెరికాలోకెల్లా లోతైన సరస్సు అది.

ఎల్లోనైఫ్‌కి కాల్గరీ నుంచి రెండున్నర గంటల లోపు విమానం. అందుకే మీ యాత్ర కాల్గరీలో మొదలుకావాలి, టొరంటోలో కాదు. నేను ఇరవై ఏళ్లుగా కాల్గరీ మనిషిని, పక్షపాతం ఉంటే ఉండొచ్చు. అయినా సెప్టెంబరులో రాకీ పర్వతాలకి ఓటు వేయడానికి పక్షపాతం అక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి లండన్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో కాల్గరీ దిగండి. అక్కడినుంచి రాకీ పర్వతాల్లోని బాన్ఫ్ ఊరు 130 కిలోమీటర్లు, అంతా ఒకే హైవే. బాన్ఫ్‌లో గదులు ఖరీదు. ఓ ఇరవై నిమిషాల ముందే వచ్చే క్యాన్‌మోర్‌లో చిన్న వంటగది ఉన్న గది తీసుకుని ఆరు రాత్రులూ అక్కడే ఉండండి. పెట్టె ఒక్కసారే విప్పాలి. మొదటి రెండు రోజులు ఎక్కడికీ వెళ్లకండి. మన పెళ్లిళ్ల అలసట నాకు తెలుసు, నలుగు నుంచి సత్యనారాయణ వ్రతం దాకా మీరిద్దరూ సరిగ్గా నిద్రపోయి ఉండరు. దానికి తోడు పదకొండున్నర గంటల తేడా. మీ అమ్మగారికి ఫోన్ చేయడానికి మాత్రం లెక్క తేలిక, గడియారం అరగంట వెనక్కి జరిపి పగలుని రాత్రి అనుకుంటే చాలు.

తర్వాత లేక్ లూయీస్, మొరెయిన్ లేక్. ఆ నీళ్ల రంగు చూసి ఫోటోలో మార్చారనుకుంటారు, మార్చలేదు. పైనున్న హిమానీనదం కదులుతూ బండని గోధుమపిండిలా నూరుతుంది. ఆ పిండి నీళ్లలో తేలుతూ ఎండని అలా చూపిస్తుంది. మే నెలలో వచ్చినవాళ్లకి ఈ రంగు ఉండదు, సరస్సు ఇంకా గడ్డకట్టి తెల్లగా ఉంటుంది. ఆ నెలలో హనీమూన్‌కి వచ్చి, గడ్డ మీద నిలబడి 'సరస్సు ఎక్కడ' అని అడిగిన జంటని నేనే స్వయంగా తీసుకెళ్లాను. మొరెయిన్ లేక్‌కి 2023 నుంచి సొంత కార్లు వెళ్లనివ్వరు. పార్క్స్ కెనడా (జాతీయ పార్కుల్ని చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ల బస్సులో వెళ్లొచ్చు. సీట్లు ముందే అమ్ముడైపోతాయి, కొన్ని మాత్రం ప్రయాణానికి రెండు రోజుల ముందు పొద్దున వదులుతారు. అలారం పెట్టుకోవాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదొక్కటే, అది ఆయన్ని పెట్టమనండి.

మీరు వచ్చే పది పన్నెండు రోజుల్లోనే అక్కడ లార్చ్ చెట్లు రంగు మారతాయి. సూది ఆకుల చెట్టే అది, కానీ మిగతా వాటిలా ఏడాది పొడవునా పచ్చగా ఉండదు. సెప్టెంబరు చివర్లో బంగారు పసుపులోకి తిరిగి రాలిపోతుంది. మొరెయిన్ లేక్ నుంచి పైకి లార్చ్ వ్యాలీ అనే దారి ఉంది. కాస్త ఎక్కుడే, చెప్పుల్లో వెళ్లకండి. శని, ఆదివారాల్లో మాత్రం తిరుమల క్యూ గుర్తొస్తుంది. మామూలు రోజు చూసుకుని వెళ్లండి.

ఇంకో రోజు ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ దాకా 232 కిలోమీటర్ల రోడ్డు. మొత్తం పోనక్కర్లేదు. సగం దాటాక కొలంబియా ఐస్‌ఫీల్డ్ వస్తుంది, అక్కడ అథబాస్కా హిమానీనదం రోడ్డు మీదికి కనిపిస్తుంది. చూసి, తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి తిరగండి. ఫోన్ సిగ్నల్ చాలా దూరం ఉండదు, పెట్రోలు మధ్యలో ఒక్కచోటే. ట్యాంకు నింపుకుని బయల్దేరండి. ఆయన కారు నడుపుతానంటే ఇండియాలోనే ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోమనండి. ఇక్కడ రోడ్డుకి కుడివైపున నడపాలి. దిగిన రోజు నిద్రమత్తులో ఆ ప్రయోగం వద్దు, షటిల్ బస్సులో క్యాన్‌మోర్ చేరి కారు తర్వాత తీసుకోవచ్చు. ఇంకొకటి, సెప్టెంబరు ఎల్క్ జింకలకి జత కట్టే కాలం. మన సాంబరు జింకల కంటే పెద్దవి, ఆ నెలలో మగవి మనుషుల మీదికి వస్తాయి. ముప్పై మీటర్లు దూరం ఉండాలి, ఎలుగుబంటి అయితే వంద. బాన్ఫ్ ఊళ్లో పచ్చిక మీద నిలబడి ఉన్నా సరే, దానితో సెల్ఫీ వద్దు. పొద్దున కేకలా, ఈలలా వినబడితే కంగారు పడకండి, అది దాని పాట.

ఇక నయాగరా. ఆ క్యాలెండరు సంగతి రాయకపోయి ఉంటే నేను నయాగరాని కొట్టేసేదాన్ని. రాశారు కాబట్టి కొట్టేయలేను. లెక్క చూస్తే కుదురుతోంది కూడా. ఎల్లోనైఫ్ నుంచి మీరు ఎలాగూ తూర్పుకి తిరిగి ఇంటికి రావాలి. వాపసు టికెట్ కాల్గరీ నుంచి కాకుండా టొరంటో నుంచి తీసుకోండి. టొరంటో నుంచి నయాగరా 130 కిలోమీటర్లు. ఒక్క రాత్రి చాలు, కానీ ఆ గది మాత్రం జలపాతం కనిపించేలా తీసుకోండి. ఈ ఒక్కచోట డబ్బు లెక్క చూడకండి. నయాగరాలో పెద్దదైన హార్స్‌షూ జలపాతం ఎత్తు 57 మీటర్లే. ఎత్తులో ప్రపంచంలో ఎన్నో దీన్ని మించినవి ఉన్నాయి. దీని గొప్ప నీళ్ల బరువులో, ఆ హోరులో ఉంది. రాత్రి రంగుల దీపాలు వేస్తారు. సెప్టెంబరులో పడవలు నడుస్తాయి, తడవకుండా రావడం కుదరదు. వెనక వీధి అంతా మన నాంపల్లి నుమాయిష్ లాంటి గోల, బొమ్మల కొలువులూ మైనపు విగ్రహాలూనూ. అటు వెళ్లకపోయినా నష్టం లేదు. నెపోలియన్ తమ్ముడు జెరోమ్ కొత్త పెళ్లికూతుర్ని తీసుకుని 1804లో ఇక్కడికి వచ్చాడని చెప్పుకుంటారు, హనీమూన్ జంటలు రావడం అప్పటినుంచీ మొదలైందంటారు. వంతెన దాటి అవతలికి వెళ్దామనుకోకండి. అటు అమెరికా, వేరే వీసా కావాలి. ఎదురుగా కనిపించే దృశ్యం ఇటువైపు నుంచే బాగుంటుంది.

ఆ పూట ఆయనది. రెయిలింగ్ పట్టుకుని ఆయన ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడనివ్వండి. ఫోటోకి నవ్వమనకండి.

అంటే వాంకూవర్, మాంట్రియల్, క్యూబెక్ మూడూ పోయాయి. వాంకూవర్ పోయినందుకు నాకు బాధ లేదు. సముద్రం, కొండ ఒకేచోట ఉన్న అందమైన ఊరే, కానీ మీరు అప్పటికి కొండలు చూసేసి ఉంటారు. క్యూబెక్ పోయినందుకే మనసు పీకుతోంది. 1608లో ఫ్రెంచివాళ్లు కట్టిన ఊరు. చుట్టూ కోటగోడ ఇంకా నిలిచి ఉంది, 1985 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. రాళ్లు పరిచిన సందులు, ఎక్కడ చూసినా ఫ్రెంచి బోర్డులు, కొండ మీద కోటలాంటి షాటో ఫ్రాంటెనాక్ హోటలు. ఊరి పక్కనే మోంట్‌మోరెన్సీ జలపాతం, 83 మీటర్లు, నయాగరా కంటే ఎత్తు. మీరు అరోరా అడగకపోయి ఉంటే నేను టొరంటో, నయాగరా, మాంట్రియల్, క్యూబెక్ రైల్లో వెళ్లమని చెప్పేదాన్ని. ఆ వైపు మేపుల్ ఆకులు ఎర్రబడేది కూడా అప్పుడే. కానీ మీరు అడిగింది అరోరా.

ఇలాంటి ఉత్తరాలే ఇంకో మూడు వచ్చాయి, నెలలే వేరు. వాళ్లకీ ఇక్కడే రెండు మాటలు. మాఘమాసం పెళ్లి చేసుకుని ఫిబ్రవరిలో వస్తానన్న అబ్బాయికి క్యూబెక్. వింటర్ కార్నివల్ అప్పుడే. ఊరి బయట మంచుతో కట్టే హోటలు కూడా జనవరి నుంచి మార్చి దాకా ఉంటుంది. చూడండి, పడుకోవడం మీ ఇష్టం. మే, జూన్‌లలో వచ్చేవాళ్లు న్యూఫౌండ్‌లాండ్ వెళ్తే ఉత్తరం నుంచి కొట్టుకొచ్చే మంచుకొండలు ఒడ్డు నుంచే కనిపిస్తాయి. జులైలో సెలవున్నా ఆషాఢం అని వెనకాడుతున్నానన్న అమ్మాయికి ఒక మాట: అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదన్నారు గానీ, మొగుడూ పెళ్లాం ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం వెళ్లకూడదని ఎవరూ అనలేదు. ఎర్రమట్టి, నీలి సముద్రం, పెద్దగా జనం లేని బీచీలు, పన్నెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న వంతెన మీద ప్రయాణం. జులై, ఆగస్టుల్లో పశ్చిమానికి వచ్చేవాళ్లు మాత్రం అడవి మంటల పొగ సంగతి గుర్తుంచుకోవాలి. 2023 ఆగస్టులో ఎల్లోనైఫ్ ఊరు ఊరంతా, ఇరవై వేల మంది దాకా, ఖాళీ చేయాల్సి వచ్చింది. 2024 జులైలో జాస్పర్‌లో చాలా ఇళ్లు కాలిపోయాయి. సెప్టెంబరు చివరికి ఆ బెడద తగ్గుతుంది. అయినా మీరు కూడా రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గదులే తీసుకోండి.

వీసాకి ఇవాళే కూర్చోండి. విజిటర్ వీసాకి ఒక్కొక్కరికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి మరో 85. పెళ్లి కాకముందే దరఖాస్తు పెడతారు కాబట్టి ఇద్దరూ విడివిడిగా, అవివాహితులమనే రాయాలి. ఫలానా తేదీన పెళ్లి, ఆ తర్వాత కలిసి ప్రయాణం అని ఒక ఉత్తరం జత చేయండి. మీ ఇంటిపేరు మార్చుకునే ఆలోచన ఉంటే వెనక్కి వచ్చాక మార్చుకోండి. పాస్‌పోర్టు, వీసా, టికెట్ మూడింట్లోనూ పేరు ఒకటే ఉండాలి. శుభలేఖలో ఏ ఇంటిపేరు వేయించినా ఇబ్బంది లేదు. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు తిరిగిరాని టికెట్లు కొనకండి.

ఖర్చులో మనవాళ్లు మోసపోయేది పన్నుల దగ్గర. ఇక్కడ బోర్డు మీద రాసిన ధరలో పన్ను కలిసి ఉండదు. కాల్గరీ, బాన్ఫ్ ఉన్న ఆల్బర్టాలో, ఎల్లోనైఫ్‌లో 5 శాతం. అదే నయాగరా ఉన్న ఒంటారియోలో 13. హోటల్ గదుల మీద ఇంకొన్ని వడ్డింపులు. రెస్టారెంట్‌లో కూర్చుని తింటే టిప్ పదిహేను శాతం నుంచి మొదలు. ఎల్లోనైఫ్‌లో కూరగాయలు సహా అన్నీ ప్రియమే, ఎక్కడినుంచో రావాలి కదా. వంటగది ఉన్న గది అని అందుకే చెప్పాను.

చివరికి మీ అత్తగారి సంగతి. ఆవిడ చెప్పింది కొట్టిపారేయకండి. నయాగరా నుంచి తిరిగొచ్చాక చివరి రాత్రి బ్రాంప్టన్‌లో ఉండండి. టొరంటో ఎయిర్‌పోర్టు ఆ ఊరి పక్కనే. వారం ఉంటే మీరు హనీమూన్‌కి వచ్చినట్టు కాదు, కొత్తకోడల్ని చూడటానికి వచ్చేవాళ్లకి కాఫీలు అందించడానికి వచ్చినట్టు. రోజుకో ఇంట్లో భోజనం, రోజుకో చీర. ఆ సంగతి మీరు చెప్పకండి, ఆయన చేత చెప్పించండి. అమ్మకి కొడుకు చెప్పాలి. పెదనాన్నగారికీ ఆయనే ఇప్పుడే ఫోన్ చేసి, ఫలానా రోజు వస్తున్నాం, ఒక్క రాత్రి ఉంటాం అని తేదీ చెప్పెయ్యాలి. తేదీ చెప్పకపోతే వాళ్లు వారం రోజుల వంట ప్లాన్ చేసి కూర్చుంటారు. పాపం, ఆ వయసులో వాళ్లకి మాత్రం ఎవరొస్తున్నారు.

వాళ్లకి ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్లండి, మీకు ఒక చిన్న సీసా ఆవకాయ. మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టి పెట్టెలో పెట్టండి. మా పెళ్లి పట్టుచీర మీద ఆ నూనె మరక ఇప్పటికీ ఉంది. దిగగానే కస్టమ్స్ వాళ్లు తిండి పదార్థాలు ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నాయనే చెప్పండి. చెప్పినందుకు ఏమీ అనరు, దాచి దొరికితేనే జరిమానా.